డిష్షు పట్టుకున్న మూడు గంటలు

నా మాటల్ల సగం అబద్ధమని గద్వాల్ల అందరికీ ఎర్కే. అది ఏ సగమో నాకు గూడ తెల్వదు, గదీ నా పరేషాన్. అబద్ధమాడినా అతికినట్టుండాలంటరు పెద్దలు. ఇరవై ఏడేండ్లు రేకుల టాకీసు క్యాబిన్ల కూసొని తెగిన రీళ్లు అతికిచ్చినోన్ని, అతుకు కనవడకుంట మాట్లాడుడు నాకొకడు నేర్పాల్నా? నా పేరు లాల్ అహ్మద్. చదువు మూడో తరగతి. బడికనే పోతుంటి, నడుమ టాకీసు తగిలింది.

రెండువేల తొమ్మిది, ఫిబ్రవరి నెల, ఒక బేస్తవారం ముచ్చట చెప్త. పగలు ఒంటిగంట దాటింది. టాకీసుకు ఎదురుంగ మా ఇంటామె హుసేన్‌బీ చాయ్ బండి. బల్ల మీద నేను, గేటుకాడ టికెట్లు చింపే వెంకటయ్య, ఆటో నడిపే శ్రీశైలం. మూలకు ఇంకో ఆయన కూసున్నడు. ఇస్తిరి అంగీ, నల్ల సంచి, చాయ్‌ల చక్కెర తక్కువ. ఆయన పట్నం నుంచి వచ్చిన కంపెనీ మనిషని మాకందరికీ తెలుసు. తెల్వనట్టే కూసున్నం.

ఉగాది వస్తే ఏడాదైతది, మా టాకీసుకు డిజిటలు వచ్చి. రీళ్లు లెవ్వు, మిషన్ల మంట ఎలిగిచ్చే కార్బన్ పుల్లలు లెవ్వు. రేకుల మీద ఒక డిష్షు, క్యాబిన్ల ఒక పెట్టె. బొమ్మ ఆకాశంలకెళ్లి పడ్తదన్నరు. నా రెండు పాత మిషన్లకు గోనె సంచులు కప్పిన్రు, పీనుగకు కప్పినట్టు. నాకు మిగిలింది ఆటకొకపారి మీట ఒత్తుడు. ముందు దినం మాపటికి ఓనరు చంద్రశేఖర్ సారు పిలిచి, "లాల్‌భాయ్, రేపు కంపెనీ ఆయన వస్తడు. పెట్టె కాడ మనిషి ఉండాల్నా వద్దా ఆయన చెప్పాలె. ఉండాలంటే నువ్వే ఉంటవ్," అన్నడు. అంటే నా ఇరవై ఏడేండ్లు ఆ చక్కెర తక్కువ చాయ్ తాగేటాయన నోట్ల ఉన్నయన్నట్టు.

పోయి, "నన్ను ఉంచుండ్రి సార్," అని అడుగొచ్చు. అడుగుడు నాకు రాదు. కోతలు కోసుడే వస్తది.

జేబుల క్యాబిన్ తాళం చావి ఒకపారి తడుముకున్న. మొఖం వెంకటయ్య దిక్కు, చెవి మూల దిక్కు పెట్టి షురువు చేసిన.

"ఏం వెంకటయ్యా, తెగిన రీలు అతికియ్యాలంటే మామూలు మనిషికి ఎంతసేపు పడ్తది?"

"నాకేమెర్క? నేను చింపేటోన్ని, అతికేటోన్ని గాదు."

"ఐదు నిమిషాలు పడ్తది. నేనైతే, జనం సీటీ కొట్టనీకె నోట్ల ఏలు పెట్టుకుంటరు సూడు, ఆ ఏలు నోట్లకు పోయేలోపల అతికిచ్చేది. బొమ్మ పడేది, ఏలు నోట్లనే ఉండేది. సగం గద్వాలకు సీటీ కొట్టుడు రాకపాయె, నా వల్లనే."

"గంత సేపు గాకపోయినా తొందరగనే అతికేది," అని శ్రీశైలం మూలకు ఇనవడేటట్టు అన్నడు. మంచోడు. ముందుగాల చిన్న కోత కోసి ఊకున్నోనికి ఎప్పుడూ ముప్పు రాదు. నేను ఊకున్ననా?

"గదేంది శ్రీశైలం, అప్పట్ల గద్వాలకు, అమరచింతకు కలిపి ఒకటే ప్రింటు ఉండె, నీకేమెర్క? ఈడ ఒక రీలు ఒడువంగనే డబ్బాల పెట్టుకొని, లూనా మీద జూరాల కట్ట దాటి ఆడ ఇచ్చి రావాలె. ఒకపారి మస్తు వాన. గేట్లన్ని లేపిన్రు, కట్ట మీద బండ్లు బంద్. అమరచింతల జనం కుర్చీలు ఇరగ్గొడ్తున్నరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఈదినవ్, చిచ్చా," అన్నడు శ్రీశైలం.

"ఈదితే రీలు తడ్వదా, తెలివి? రీలు ఒక కొస మా మిషన్లనే ఉంచిన. ఇంకో కొసకు రాయి కట్టి, కట్ట మీద నిలవడి ఇసిరిన. అవతలి గడ్డకు అమరచింత ఆపరేటరు అందుకొని ఆయన మిషన్ల ఎక్కిచ్చుకున్నడు. బట్టలారేసే తాడు లెక్క కృష్ణ మీదికెళ్లి రీలు! ఈడ ఆడిందే ఆడ ఆడవట్టె. కాకుంటే నడుమ నది మీద జల్లు తగిలి, ఈడ ఎండల పాడిన పాట ఆడ వానపాట అయింది. అమరచింతోళ్లు కుర్చీలల్ల గొడుగులు తెరిసిన్రు."

"దానిష్ కే అబ్బా," అన్నది హుసేన్‌బీ. మా కొడుకు పేరుతోనే పిలుస్తది నన్ను. "ఆ దినం కట్ట కాడ పోలీసోళ్లతోని తిట్లు తిని ఇంటికొచ్చి ముసుగు తన్ని పన్నవ్."

"అది వేరే దినం."

మూలకు చూసిన. కంపెనీ ఆయన నవ్వుతుండు. నవ్వినోడు మనిషిని పనిలకెళ్లి తియ్యడు అనుకున్న. నా లెక్కలన్ని గిట్లనే ఉంటయి.

"అది ఇడిసిపెట్టు. తొమ్మిదో రీలు ఎక్కియ్యాల్సిన కాడ పద్నాలుగో రీలు ఎక్కిచ్చిన ముచ్చట తెలుసా?"

"నిద్రపోయి ఎక్కిచ్చినవ్," అన్నడు వెంకటయ్య.

"కావాలని ఎక్కిచ్చిన! ముందుగాల హీరో తల్లి ఫొటోకు దండ పడ్డది. ఆ తర్వాత అదే తల్లి వంటింట్లకెళ్లి వచ్చి, 'బిడ్డా, అన్నం తిను,' అన్నది. ఆడోళ్లు లేచి నిలవడి దండం పెట్టిన్రు. సచ్చిన తల్లి అన్నం వండే బొమ్మ అనుకుంట మానవపాడు నుంచి ట్రాక్టర్లు కట్టుకొని వచ్చిన్రు. సక్కటి వరుసల ఆడిచ్చిన వనపర్తిల మూడు దినాలకు తీసేసిన్రు. మన కాడ యాభై దినాలు!"

"అవన్ని రీళ్ల ముచ్చట్లు, లాల్‌భాయ్," అన్నడు వెంకటయ్య మెల్లగ. "గిప్పుడు పెట్టె వచ్చె. పెట్టెకు మనిషెందుకు?"

నాకు మాట అందియ్యనీకె అడిగిండో, తన భయం తాను అడిగిండో తెల్వదు. నేను మాత్రం ఈ మాటకే కాసుకొని ఉన్న.

"ఎందుకా? రెండున్నరకు నేను పోయి మీట ఒత్తకుంటే మ్యాట్నీ పడదు, అందుకు. ఇంకోటి చెప్త ఇను. పోయినేడు ఆగస్టు పదిహేను, ఫస్టుషో. హాలు నిండ జనం. ఆకాశం ఇరిగి రేకుల మీద పడ్డట్టు వాన. లైట్లు ఒకపారి మిణుకుమన్నయి, బొమ్మ గాయబ్. పెట్టె సప్పుడు లేదు. జనం అమ్మ ఆలి తిట్లు. నాకు సమజైంది. ఆకాశానికి, డిష్షుకు నడుమ వాన అడ్డం పడ్డది. ఇంట్ల టీవీ ఆంటెన్న గాలికి తిరిగితే ఏం జేస్తం? ఎక్కి పట్టుకుంటం. ఎక్కిన. రేకులు జారుతున్నయి, మెరుపులు మెడ మీదనే కొడ్తున్నయి. డిష్షును రెండు చేతులతోని పిలగాన్ని ఎత్తుకున్నట్టు ఎత్తి ఆకాశం దిక్కు తిప్పిన. బొమ్మ వచ్చింది! కింద జనం ఒకటే కేకలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇడిస్తే బొమ్మ మళ్ల పోతది. మూడు గంటలు ఇడ్వలే."

"మూడు గంటలా?" అన్నడు మూలకు ఉన్నాయన. నోరు తెరుసుడు అదే మొదలు. నా పానం లేచి వచ్చింది.

"మూడు గంటలు సార్! బొమ్మంత నా ఒంట్లకెళ్లే పోయింది. ఎడమ చేతిలకెళ్లి ఫైటింగులు, కుడి చేతిలకెళ్లి పాటలు. మాటలు నా పండ్లల్ల ఇనవడ్డయి. నేను తుమ్మితే తెర మీద హీరోయిన్ తుమ్మింది. జర రాయచూరు దిక్కు తిరిగిన, కన్నడ బొమ్మ పడ్డది. నేల టికెట్ల కూసున్న అయిజ దిక్కోళ్లు 'భాళ ఛలో ఐతి' అని, అంటే మస్తుందని, చప్పట్లు కొట్టిన్రు. ఇటు తిరిగిన, వనపర్తిల కరెంటే లేదు, ఆడ గూడ బొమ్మ షురువైంది. జర ఎత్తి పట్టిన, నాగర్‌కర్నూలుకు అందింది. శ్రీరంగాపూర్ చెరువు నీళ్ల మీద రెండో ఆట పడ్డది, చేపలు టికెట్లు లేకుంట చూసినయి. ఆఖరికి మీద తిరిగే ఉపగ్రహమే అలిసిపోయి, 'లాల్‌భాయ్, జర నువ్వు పట్టుకో, నేను చాయ్ తాగొస్త,' అని కిందికి దిగింది."

"యాడ తాగింది, చిచ్చా?"

"యాడనేంది? ఈడనే, మీ చాచీ కాడ."

"చక్కెర తక్కువ అన్నదా?" అని అడిగింది హుసేన్‌బీ, చాయ్ వడగట్టుకుంట.

అందరు ఇరగవడి నవ్విన్రు. మూలకు ఆయన గూడ నవ్విండు. నవ్వు ఆరకముందే నేను అందుకున్న: "గందుకే అంటున్న. పెట్టె కాడ మనిషి ఉండాలె. వానొస్తే పట్నం నుంచి ఎవడొచ్చి పట్టుకుంటడు?"

ఆయన గ్లాసు కింద పెట్టిండు. "అహ్మద్ గారూ, ఆగస్టు పదిహేను ఫస్ట్‌షోనే కదా మీరు చెప్పింది?" అనుకుంట సంచిలకెళ్లి ల్యాప్‌టాప్ తీసిండు. "నా పేరు భానుప్రకాశ్. పొద్దున మీ ఓనరు గారు తన దగ్గరున్న తాళంచెవితో క్యాబిన్ తీయించారు. పెట్టె రాసుకున్నదంతా ఇందులోకి ఎక్కించుకున్నాను. అది ప్రతి నిమిషం రాసుకుంటుంది."

రాసుకుంటదా! ఇరవై ఏడేండ్లల్ల ఆ క్యాబిన్ల ఏం జరిగిందో చెప్పనీకె నేనొక్కన్నే ఉంటి. రీలు తెగినా, జారినా, నిద్ర వచ్చినా, నేను చెప్పిందే ముచ్చట. నా మిషన్లు ఎన్నడూ నా మీద సాక్ష్యం చెప్పలే.

"ఇదిగో," అన్నడు. ఆయన గొంతుల ఎక్కిరింపు లేదు. ఉంటే మంచిగుండు, తిట్టి లేచిపోతుంటి. "ఆరు నలభై ఒకటికి కరెంటు ఒక్క క్షణం పడిపోయింది. పెట్టె ఆగింది. ఆరు యాభై రెండుకు దానంతట అదే లేచి, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు. అంతే."

"మరి డిష్షు..."

"సినిమా డిష్షులోంచి నేరుగా తెర మీద పడదండీ. రెండ్రోజుల ముందే దిగి పెట్టెలో కూర్చుంటుంది. ఆట నడిచేటప్పుడు డిష్షు ఉన్నా ఊడిపోయినా ఒకటే."

ఎవ్వరూ నవ్వలే. నా కోత తెగినప్పుడల్ల నవ్వే వెంకటయ్య గూడ నవ్వలే.

మీకు ఇప్పుడు ఒకటి చెప్పాలె. మూడు గంటలు అబద్ధం. తుమ్ము అబద్ధం, రాయచూరు అబద్ధం, చేపలు అబద్ధం. కానీ ఆ దినం నేను రేకుల మీదికి ఎక్కింది నిజం. డిష్షును పట్టుకున్నది నిజం. పట్టుకున్నంక బొమ్మ వచ్చింది, కింద జనం కేకలేసింది ఈ చెవులతోని ఇన్న. మళ్ల పోతదేమోనని ఇంటర్వెల్ దాక ఆ వానల పట్టుకొనే ఉన్న. నా కోతలన్నిట్ల నేను దాచుకున్న నిజం గదొక్కటే. గదీ అబద్ధమే అయింది.

హుసేన్‌బీ చెంచా కింద పెట్టింది. ముప్పై ఏండ్ల కాపురంల నా మాటకు అడ్డం పడకుంట ఉన్న దినం లేదు. ఇయ్యాల ఆయన దిక్కు తిరిగింది.

"అన్ని రాసుకుంటదంటివి గద నాయనా. తడిసొచ్చి నాల్గు దినాలు జ్వరంల పడ్డడు. దవాఖానల సూదులేసిన్రు. నాల్గు దినాలు గంజి తాగిండు. అది రాసుకున్నదా నీ పెట్టె?"

భానుప్రకాశ్ ల్యాప్‌టాప్ దిక్కే చూసిండు. నిజంగనే ఎతుకుతుండో ఏమో.

"లేదమ్మా," అన్నడు.

"మరి మనిషి?" అని అడిగిండు వెంకటయ్య. "ఉండాల్నా వద్దా సార్?"

"ఆటల టైములన్నీ హైదరాబాద్ నుంచే పెట్టేస్తున్నాం. లైట్లు ఆర్పడంతో సహా." చేతి గడియారం చూసుకున్నడు. "ఇవాళ్టి మ్యాట్నీ నుంచి."

వెంకటయ్య లేచి గేటు కాడికి పోయిండు. చింపే పని ఇంకా మనిషిదే, ఈ దినం దాక. శ్రీశైలానికి బేరం దొరికింది. భానుప్రకాశ్ చాయ్ పైసలు బల్ల మీద పెట్టి, నాకు దండం పెట్టి పోయిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా, అన్న మాట నా నోటి దాక వచ్చింది. ఇనేటోడు లేడు.

హుసేన్‌బీ ఇంకో చాయ్ పోసి నా ముంగట పెట్టింది. నేను తాగుతనే ఉన్న, గోడ అవతల బెల్లు మోగింది. మ్యాట్నీ షురువైంది. క్యాబిన్ చావి నా జేబులనే ఉండె.