పన్నెండు మందికి పన్నెండు మాటలు

నల్లగొండ బస్టాండు వెనుక ఫోన్ల దుకాణం. బల్లకు అవతల విజేందర్, ఇవతల కల్లుగీత సంఘం పెద్ద కాటమయ్య. నడుమ, నడుమిరిగిన ఫోన్.

“కీలు కలుస్తలేవు మామా.”

“పొద్దుగాల దవాఖానల డాక్టర్ గూడ గదే అన్నడురా, మా గోపయ్య నడుము సూసి.”

“నవ్వకే మామా.”

“నవ్వుతలేను బిడ్డా. మనిషి తాడిచెట్టు మీంచి పడ్డడు, మొలకున్న ఫోన్ ఆయనతోనే పడ్డది. ఇద్దరిట్ల ఒక్కలన్న లేవాలె గదా! ఆపరేషన్‌కు గట్టాల్సిన సంఘం పైసలు గండ్లనే ఉన్నయి.”

“ఫోన్ లేవది. గండ్ల వాలెట్ కరాబైంది. దానికి తాళంచెవి అసొంటియి గా పన్నెండు మాటలు, సరిగ్గ పడితే నా కంప్యూటర్ల తెరుసుకుంటది. మనిషికొక మాట పంచుకునుడేంది మామా?”

“మరేం జేస్తం? ఎన్కట చిట్టీ పైసలు ఒక్కని చేతికిస్తే వాడు బొంబై పాయె. అందుకే గీ బిట్‌కాయిన్ కొన్ననాడు మాటకొకలం కావలున్నం. ఒకని మాట మీద ఇంకొకనికి నమ్మకం లేక, ఒకని మాట ఇంకొకనికి జెప్పలే.”

“ఇప్పుడు పన్నెండూ నువ్వే తెచ్చినవు?”

“తిరిగి తిరిగి తెచ్చిన. గోపయ్య పానం కోసమంటే కాదంటరా?”

“అన్నీ కొట్టి సూసిన, తెరుసుకుంటలేదు. ఒకలు తప్పు మాటిచ్చిండ్రు.”

“మర్సిపోయిండ్రేమో...”

“ఉండు. పాత ఖాతా నంబర్ నా దగ్గరున్నది. దాంతోని కలిసేదాక ఒక్కొక్క జాగల వేరే మాటలు పెట్టి కంప్యూటరే ఎతుకుతది. ఎవలిది తప్పో గూడ జెప్తది.”

“ఎవలిదో వద్దురా. తెలిస్తే సంఘం పగుల్తది. తెరువు, సాలు.”

“సరే.”

“లింగుస్వామే అయ్యుంటడు.”

“వద్దంటివి?”

“చెట్ల పంపకంల గోపయ్యతోని లొల్లి బెట్టుకున్నడు. మనిషి సస్తుంటే గూడ పగనా? వానిది పదకొండో మాట. సూడు, గదే అయితది.”

“ఆగు మామా... ఆగు... కలిసింది! తెరుసుకున్నది! పైసలు పైలమే!”

“సల్లగుండు బిడ్డా! దవాఖానకు ఫోన్ గొట్టు, పొద్దుగూకకముందే కడతమను. గది... పదకొండోదేనా?”

“కాదు. మూడోది.”

“సరిగ్గ సూడు.”

“సూసిన.”

“మల్లొకపారి సూడురా!”

“మూడోదే మామా. ఎవలిది?”

“గోపయ్యది. ‘నా ఆపరేషన్‌కు మనందరి పైసలు ఊడ్సుకపోతయా బావా?’ అనడిగిండు మంచం మీంచి. అవునని నేనే అన్న. గప్పుడు జెప్పిండు గా మాట.”