గులాబీ రంగు సీరం

మాస్కోలో ఒక ప్రయోగశాల. అంతరిక్షంలోలా వెనక కాళ్లకు బరువు తెలియకుండా ఉండేందుకు పన్నెండు ఎలుకలను, ముందుకాళ్లు మాత్రం నేలకు ఆనేలా, తోకలు కట్టి వేలాడదీశారు. రక్తపరీక్ష ఫలితాలు, రక్తం తీసిన గొట్టం పట్టుకుని యువ పరిశోధకురాలు వయసు మళ్లిన టెక్నీషియన్ దగ్గరికి వచ్చింది.

"జినైదా ల్వోవ్నా, వీటికి పొటాషియం గుండె ఆగిపోయేంత పెరిగింది. ఎలాగూ చచ్చిపోతాయి, సాయంత్రానికి అన్నింటినీ చంపేయమన్నారు డైరెక్టరు గారు."

"తింటున్నాయా?"

"శుభ్రంగా."

"చచ్చేవి తినవమ్మా. ఆ గొట్టం వెలుతురులో పెట్టి చూడు. రక్తం మీద తేలిన నీరు, ఆ సీరం, ఏ రంగు?"

"గులాబీ."

"ఎండుగడ్డి రంగుండాలి. సన్నసూదితో రక్తం గబగబా లాగావు కదూ? కణాలు పగిలి, వాటిలోని పొటాషియం బయటికొచ్చింది."

"నొప్పి తొందరగా అయిపోతుందని..."

"జాలిపడి చంపేదానివి. పద, నెమ్మదిగా మళ్లీ తీద్దాం."

గంట గడిచింది.

"ఎంతొచ్చింది?"

"మామూలుగా నేలమీద తిరిగే ఎలుకలకు ఉన్నంతే."

"మరి ఏడుపెందుకు?"

"ఏడవట్లేదు. డైరెక్టరు గారికి మీరే చెప్పండి. నాకు భయం."

"నువ్వే చెప్పు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయనా ఇలాగే లాగాడు. నాలుగు చీవాట్లు నా దగ్గరే తిన్నాడు."