పెట్టెలో ఉన్నవాడు రేవళ్ల దానియేలు

"తాతయ్యా, మన ఇంటిపేరున్న కాంట్రాక్టరు గారొకరు కంచరపాలెంలో ఒక పేద కూలీ శవపెట్టె మోశారని ఈ పుస్తకంలో రాశారు. ఆ కూలీ ఎవరో నీకు తెలుసా?"

తెలుసా అని అడుగుతావేమిటమ్మడూ. వాడు నా తమ్ముడు. దానియేలు. కూలీ కూడా కాదు, పోర్టు ఉద్యోగి.

ఏదీ, ఇటివ్వు. ‘విశాఖ రేవళ్లవారు’ అట పుస్తకం పేరు. బాగుంది. డాక్టరు గారి బొమ్మ ఉంది, కౌన్సిలరు గారి బొమ్మ ఉంది, కాంట్రాక్టరు గారికైతే రెండు. వీరిలో ఒక్కరూ మనకు చుట్టాలు కారు. ఇంటిపేరు కలిసింది, అంతే. బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ నాకిదే బాధ. బ్యాంకుకు వెళితే, "కాంట్రాక్టరు గారికి మీరేమవుతారండీ?" ఏమీ కానని చెప్పగానే కుర్చీ వెనక్కి లాక్కునేవారు. అంటే, నిజంగా లాక్కోలేదులే. మాట తీరు మారిపోయేది.

దానియేలు ఓడలకు మోకులు కట్టేవాడు. ఓడ గట్టుకు చేరగానే చేతిమందం తాడు అందుకుని ఇనుప దిమ్మకు తగిలించాలి. వాడి అరచెయ్యి పట్టుకుంటే చెక్కను పట్టుకున్నట్టుండేది. సెలవు రోజున ఊరికే ఉండలేక జాలరిపేట వెళ్లి పడవలు ఒడ్డుకు లాగేవాడు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకుంటున్న రోజుల్లో కామెర్లొచ్చి పోయాడు. నాకన్నా చిన్నవాడు.

ఎక్కడున్నాను? ఆ, వాడు పోయిన రోజు. అప్పట్లో మనవాళ్లలో ఎవరైనా పోతే రిక్షాకు మైకు కట్టి వీధుల్లో చెప్పించేవారు. రిక్షా రూపాయిన్నర... కాదు, మైకుతో కలిపి మూడు రూపాయలు. రేవళ్ల దానియేలు అని మైకులో చెప్పే అప్పారావుకు స్పష్టంగా చెప్పాను. అతడేమో పోయినవారిని పేరు పెట్టి పిలవడం అమర్యాద అనుకున్నాడు. "రేవళ్లవారు ప్రభువునందు నిద్రించారు" అని ఊరంతా తిరిగాడు. డబ్బున్నవాళ్లుండే సీతమ్మధార దాకా ఎవరు వెళ్లమన్నారో అతణ్ణి.

ఇంకేముంది, మా ఇరుకు సందు నిండా కార్లు. ఒక్కొక్కరే వచ్చి పెట్టెలోకి తొంగిచూడడం, "ఈయన కాదే" అనుకోవడం. ఒక పెద్దమనిషి తాను పెట్టిన పూలచక్రాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. రిబ్బను మీద కాంట్రాక్టరు గారి పేరు రాయించాడట. ఏం చేసుకుంటాడమ్మా దాన్ని, ఆయన బతికే ఉన్నాడు కదా.

అంతలో కాంట్రాక్టరు గారే కారు దిగారు. తాను పోయానని విని, పోలేదని చూపించడానికి వచ్చారు. అందరూ ఆయన చుట్టూ మూగి చేతులు కలపడం, నవ్వులు. "మీకు నూరేళ్లాయుష్షు సార్." పెట్టె పక్కనే దానియేలు భార్య, మా మరదలు, కూర్చుని ఉంది. పొద్దు వాలుతోంది, పెట్టె ఎత్తుదామంటే దారి లేదు. తప్పుకోండని రెండుసార్లు చెప్పాను. పంతులు మాట బడిలోనే చెల్లుతుంది కాబోలు.

అప్పుడు జాలరిపేటలో చేపలమ్మే ఎల్లమ్మ లేచింది.

"ఏటి బాబూ, నువ్వు బతికే ఉన్నావు, అందరం సూసీసినాం. ఇంక తప్పుకో. మా దానియేలుకి దారియ్యి."

నవ్వులు ఆగిపోయాయి. కాంట్రాక్టరు గారు బూట్లు విప్పి, పెట్టె ముందు కొస పట్టుకున్నారు. రైలు గేటు దాకా మోశారు. నేను కాదనను, మంచి పనే. భారీ మనిషి, చొక్కా తడిసిపోయింది. గేటు దగ్గర జాలరిపేటవాళ్లు భుజం మార్చుకున్నారు. అక్కణ్నుంచి సమాధుల తోట దాకా మోసింది వాళ్లు.

గేటు దాకా మోసినాయనకు పుస్తకంలో పేరుంది, బొమ్మ ఉంది. పెట్టెలో ఉన్నవాడు మాత్రం ఒక పేద కూలీ. ఆ రోజు మైకులో పోయిన పేరు ఇప్పుడు అచ్చులోనూ పోయింది. వాణ్ణి మళ్లీ ఒకసారి పూడ్చినట్టుంది నాకు.

ఆ పెన్ను ఇటు తే. వద్దులే, నీ దస్తూరీ బాగుంటుంది, నువ్వే రాయి. పేద కూలీ అన్నది కొట్టెయ్యి. పైన రాయి, రేవళ్ల దానియేలు. ఇరికించకు, గుండ్రంగా రాయి.

ఆ, అలాగ. చల్లగా ఉండు తల్లీ. నిన్ను తలచుకునేవాళ్లు నీ పేరుతోనే తలచుకోవాలి.