పట్టా జాగ

సర్కారు జాగాల్లో కల్లు అమ్మకూడదని శాసనసభలో చట్టం చేయించి, ఎమ్మెల్యే తాండూరు స్టేషన్‌లో దిగాడు. నాపరాళ్ల గనిలో పనిచేసే భాగమ్మ ఎదురొచ్చింది.

"పటేలా, మేం ఆడోళ్లం అర్జీ మీద పెట్టిన వేలిముద్రలు సభల సూపెట్టినవా?"

"సూపెట్టిన. రెండు దినాలు కొట్లాడినం. మీ గని తొవ్వల దుకాణం ఇగ ఉండది."

"నిన్న రేడియోల ఇనంగనే ఎత్తేసిండ్రు."

"మంచిదే గద. మొఖం గట్ల పెట్టినవేంది?"

"పట్టా జాగల అమ్మొచ్చునంట గద?"

"గది గూడ ఆపుమన్న. సభ ఒప్పుకోలే. ఎవలిచ్చిండ్రు జాగ?"

"మా ఇంటాయన. పూటకో ముంత పోస్తమన్నరంట. మా వాకిట్లనే కుండలు దించిండ్రు. పొద్దుగాల నన్నే కడుగుమన్నడు."

"కడిగినవా?"

"కడిగిన, పటేలా."