బాయి బెల్టు పిండి పట్టినోడు

గట్టయ్య చేతికి చాయ్ గిలాస అందితె సాలు, మాటకు బ్రేకుండదు. ఆ ఎండకాలం పొద్దుగాల గోదావరిఖనిల సదయ్య హోటల్ల కూసున్నడు. పక్కనే కనకవ్వ పిండి గిర్ని. మామిడికాయ తొక్కుకని ఇంటామె సారవ్వ పట్టించుక రమ్మన్న మిరపకాయల సంచి ఆడ పెట్టొచ్చిండు. "ముక్కలు కోసి పెట్టిన. జల్ది రా. ఆలస్యమైతె ముక్కలు మెత్తవడ్తయి, ఏడాది తొక్కు పాయె" అని ఆమె గట్టిగనే చెప్పింది. గిర్ని నడుస్తనే ఉన్నది గదా, గట్టయ్యకు ఫికర్ లేదు.

"రబ్బరును పిండి పట్టుడు ఎవని తరం సదయ్యా?" అని షురూ జేసిండు. "మా రబ్బరు పొడి ఫ్యాక్టరీల, బొగ్గుబాయిల బొగ్గు మోసిన పాత బెల్టు ముక్కలేస్తె మిషిన్ల జిగురు లెక్క సాగుతాంది. నేనేం జేసిన? దానిమీద నీళ్ల లెక్క పారే సల్లటి నైట్రోజన్ పోయించిన. మంచుగడ్డ దాని ముంగట నిప్పే! ఆ సలికి రబ్బరు అప్పడం లెక్క పెళపెళలాడింది. ఒక్క దెబ్బ, మైదపిండి!"

"నిజమేనా అన్నా?" డ్యూటీ దిగొచ్చిన అంజి అడిగిండు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? లారీ టైరు తెమ్మన్న, పిండి. లారీనే తెమ్మన్న, డ్రైవరు దిగుడే ఆలస్యం, పిండి! అటెన్క పైపు జర ఎక్కువ తిప్పిన. ఆ సలి గోదావరి దాక పాకింది. నిరుడు రోహిణి కార్తెల నది గడ్డకట్టింది రా! రెండో షిఫ్టోల్లు బ్రిడ్జి ఇడిసిపెట్టి నీళ్లమీదనే సైకిళ్లు తొక్కిండ్రు. పొయ్యిల బొగ్గు అంటుకుంటె ఒట్టు, ముందుగాల దానికే చద్దరు కప్పితిమి."

"మరి సూర్యుడేం జేసిండే?" సదయ్య అడిగిండు.

"ఏం జేస్తడు, నడినెత్తిన బిగుసుకపోయిండు! నేనే నిచ్చెనేసి, వీపుమీద రెండు చరిచి, కిందికి దింపిన. లేకుంటె మొదటి షిఫ్టు ఇప్పటికీ దిగకపోవు!"

అందరు పడి పడి నవ్విండ్రు. గట్టయ్య మీసం దువ్వుకున్నడు. గప్పుడే గిర్ని చప్పుడు ఆగింది. కనకవ్వ చేతులు ఎర్రగ జేసుకొని, సంచి పట్టుకొని వచ్చింది.

"గట్టయ్యా, గివి ఎండవెట్టినవా?"

"ఎందుకవ్వా? అంగట్ల కొన్న, సీదా నీ కాడికే తెచ్చిన."

"మెత్తగున్నయి. ముద్దయి గిర్నిల ఇరుక్కున్నయి. నీ ముచ్చట గిర్ని దాక ఇనవడ్డది, మెత్తటి రబ్బరు పిండి గాదంటివి గదా, మరి మెత్తటి మిరపకాయ అయితదా?"

గట్టయ్య పై పానాలు పైననే పోయినయి. "అయ్యో, సారవ్వ ముక్కలు కోసి పెట్టిందవ్వా! ఎట్లిప్పుడు?"

"పొద్దూకెదాక డాబా మీద ఆరవోసి, మల్ల తీస్కరా." కనకవ్వ సంచి ఆయన ఒళ్లె పెట్టింది. "ఇయ్యాల ఒక్కరోజు ఆ సూర్యున్ని దింపకు బిడ్డా, జర పైననే ఉండనియ్యి."