ఐదు ఇటుకలు మోసిన వంతెన

పెందుర్తిలోని ఒక పాఠశాలలో అట్టవంతెనల పోటీ ముగిసింది. న్యాయనిర్ణేతగా వచ్చిన వృద్ధ ఉపాధ్యాయిని, తొమ్మిదో తరగతి బాలికను పక్కకు పిలిచి ప్రశ్నిస్తున్నారు.

"అట్ట, కాగితం, జిగురు తప్ప మరేదీ వాడరాదని నియమం. నీ వంతెన ఐదు ఇటుకలు మోసింది. లోపల చీపురుపుల్లలు దూర్చావని మిగిలిన నిర్ణేతలు అంటున్నారు."

"నాను దూర్చలేదు మేడమ్. కూలితే బలం లేదంటారు, నిలబడితే మోసమంటారు. ఏటి సెయ్యాలో తెలీట్లేదు. ఆ మెరుపు కాగితాల వంతెన నాలుగు మోసి మొదటి బహుమతి కొట్టేసింది. దాన్నెవరూ ఏటీ అడగలేదు."

"నీది కోసి చూపిస్తావా?"

"కోస్తే నిజం తెలుస్తాది గాని వంతెనుండదు కదా మేడమ్. అప్పుడు బహుమతి దేనికిస్తారు?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. ఎలా కట్టావో చెప్పు."

"వన్ టౌన్ కొట్లలో పారేసిన అట్టపెట్టెలు తెచ్చాను. అట్టలోపల సన్న గొట్టాలుంటాయి కదా, అవి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోయేలాగ పెట్టాను. అడ్డంగా పెడితే వంగిపోతాది."

"గొట్టాల చివరలు మూశావా?"

"లేదు మేడమ్."

"అయితే కిటికీ దగ్గరికి పట్టుకురా. ఊఁ... ప్రతి గొట్టంలోనూ అవతలి వెలుతురు కనిపిస్తోంది. ఒక్క పుల్ల కూడా లేదు."

"మరి నా బహుమతో?"

"తొందరపడకు. ఆ మెరుపు వంతెననూ ఇలాగే చూడాలి. పరీక్ష అందరికీ ఒకటే."

"దాని అంచులన్నీ కాగితంతో మూసేశారు మేడమ్. వెలుతురు రాదు."

"అలాగా? అయితే వెళ్లి దాన్ని పట్టుకురా. వస్తూ వస్తూ కత్తెర కూడా తీసుకురా."