సగటు మంట

ఆత్రేయపురంలో అత్త పూతరేకులు తీస్తోంది. రాకెట్ ఇంజన్లో మంటను కంప్యూటర్లో లెక్కగట్టే మేనకోడలు పొయ్యి పక్కన కూర్చుంది.

“నా లెక్కలో మంట నిలబడిందత్తా. అసలు ఇంజన్ని పరీక్షిస్తే ఆరిపోయింది.”

“గాలి కొట్టిందేమో?”

“ఇంజన్లో గాలి సుడులన్నిటికీ సగటు కట్టాను. రేపు రిపోర్టు పంపాలి. పరీక్షదే తప్పని రాసేశాను.”

అత్త పిండిలో తడిపిన గుడ్డను వేడి కుండ మీద పరిచి లాగింది. రేకు చిరిగింది.

“చూశావా? ఒక్క క్షణం మంట తగ్గింది. పొద్దుట్నుంచీ సగటు కడితే నా పొయ్యి బంగారమే. కానీ రేకు తీసేది ఆ క్షణంలోనే కదే!”

మేనకోడలి లెక్కలో అలాంటి క్షణం ఎక్కడా లేదు. ఆమె ఫోను తీసింది.

“ఎవరికే?”

“మా సార్‌కి. తప్పు నాదేనని చెప్పాలి.”

“చెబుదువుగాని, ముందు ఆ ఎండు కొబ్బరాకు పొయ్యిలోకి తొయ్యి. ఇక్కడా ఆరిపోతోంది.”